దేశాలు తిరిగొచ్చినవాళ్ల మనసు ఎందుకు ఇరుకైపోతోంది?

సీమపిల్ల
మొహర్రానికి ఊరికి పోయొచ్చి నాలుగు రోజులైంది. ఇంకా మనసు కుదుట పడలేదు. మాది అనంతపురం జిల్లాలో చిన్న ఊరు. గూగూడు కుళ్లాయిస్వామి పేరు విన్నవాళ్లకు మా పక్క పీర్ల పండగ ఎట్లుంటుందో చెప్పనక్కర్లేదు. మా తాత పేరు హుసేనప్ప. మేము హిందువులమే. ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోతే ముత్తవ్వ పీరుకు మొక్కుకుందట, ఆ తర్వాత పుట్టాడని ఆ పేరు పెట్టారు. గుండానికి కట్టెలు తోలేది మా ఇంటి బండి. పీరు ఎత్తుకునేది ఖాసీం మామ ఇంటివాళ్లు. ఎవరూ రాసి పెట్టింది కాదు, అట్లా జరిగిపోతూ వచ్చింది.

ఈసారి పీర్ల చావిడి ముందు గట్టిగా ముప్పై మంది లేరు. ఖాసీం మామ కొడుకు కువైట్‌లో పన్నెండేళ్లు ఉండి వచ్చాడు. పీర్లకు మొక్కడం షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించే పాపం అని, వాళ్ల నాయనను చావిడికి పోవద్దన్నాడు. మా తమ్ముడు ఐటీలో చేస్తాడు, రెండేళ్లు అమెరికాలో ఉండొచ్చాడు. "సాయిబుల పండక్కి మనం కట్టెలు తోలేదేంది" అని బండి కట్టనీయలేదు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గుండం చుట్టూ ఎగిరినవాళ్లే. ఖాసీం మామ పీరుకు కట్టే దట్టీలు ఒళ్లో పెట్టుకుని చావిడి అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. మడత విప్పుతాడు, మళ్లీ మడుస్తాడు. అంతే.

నాలుగు దేశాలు చూస్తే మనసు పెద్దదవుతుందంటారు కదా. మరి మావాళ్లిద్దరికీ ఏమైంది? ఊరు దాటని ఖాసీం మామకు ఉన్న విశాలం విమానం ఎక్కినవాళ్లకు ఎందుకు లేదు?

గోదారిగట్టు
మా ఊళ్లోనూ ఇదే కథ. నన్నడిగితే దేశాలు కాదు, ఫోను. ఊళ్లోనే ఉన్నవాడు కూడా మారిపోయాడు.

రాయచోటి_డ్రైవర్
సీమపిల్ల అక్కా, నేను కువైట్‌లో తొమ్మిదేళ్లు బండి నడిపాను. మీ ఖాసీం మామ కొడుకు తరఫున కొంచెం మాట్లాడనివ్వండి.

దిగిన రోజే పాస్‌పోర్ట్ సేటు తీసేసుకున్నాడు. రూములో ఏడుగురం. ఆరు నెలలు నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "యా హిందీ" (ఓ ఇండియావాడా) అంటారు, లేకపోతే చేతి సైగ. శుక్రవారం ఒకచోట తెలుగులో ఖురాన్ క్లాసు చెబుతారంటే పోయాను. వాళ్లు టీ ఇచ్చి, పేరడిగి, పక్కన కూర్చోబెట్టారు. అంత పెద్ద సేటు కూడా నమాజులో నా భుజానికి భుజం తాకించి నిలబడతాడు. ఆ ఆదరణకు ఎంత విలువ ఉంటుందో ఊళ్లో అమ్మా నాన్న మధ్య ఉన్నవాళ్లకు అర్థం కాదు.

మా నాన్నకు అరబీలో చదవడం వచ్చు, అర్థం రాదు. నేను తెలుగులో చదివాను. చదివాక మా ఇంట్లో చేసేవి సగం అందులో కనపడలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇన్నాళ్లూ మమ్మల్ని తప్పుదారి పట్టించారని. మీ వాడికీ అదే కోపం అయ్యుంటుంది. ఆ కోపంలో ప్రేమ కూడా ఉంటుంది అక్కా, నాయన నరకానికి పోకూడదని.

సీమపిల్ల
ఈ వైపు నుంచి నేను ఆలోచించలేదు అన్నా. మరి మీరు ఇప్పుడూ అట్లానే ఉన్నారా?

రాయచోటి_డ్రైవర్
లేను. అది కూడా కువైట్‌లోనే మారింది. 2015 జూన్ 26, రంజాన్ శుక్రవారం. ఇమామ్ సాదిఖ్ మసీదులో ఐసిస్ వాడు బాంబు పేల్చుకున్నాడు. అది షియాల మసీదు. 27 మంది పోయారు, అందరూ నమాజుకు వచ్చినవాళ్లే. అప్పటిదాకా నాకు క్లాసులో విన్న "వాళ్లు సరైనవాళ్లు కాదు" అన్న మాట తప్ప షియాల గురించి ఏమీ తెలియదు. కువైట్‌లో మొహర్రం నెలలో హుసైనియాలు, అంటే షియాలు సంతాపానికి చేరే మందిరాలు కిటకిటలాడతాయి, ప్రవక్త మనవడు హుస్సేన్ కర్బలాలో చనిపోయిన కథ చెప్పి ఏడుస్తారు. అంటే మా ఊళ్లో మానేయమన్న హసన్ హుస్సేన్ల దుఃఖం, నాకు "అసలు ఇస్లాం" నేర్పిన ఊళ్లోనే రెండు వీధుల అవతల ఉంది! నేను చూడలేదు, అంతే.

ఆ రోజు దేశం అమీర్ స్వయంగా ఆ మసీదుకు వచ్చాడు. తర్వాతి శుక్రవారం పెద్ద మసీదులో సున్నీలు, షియాలు కలిసి నమాజు చేశారు. నేను బయట కారులో ఉన్నాను. స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను.

గోదారిగట్టు
అన్నా, ఒళ్లు జలదరించింది.

ఫ్రీమాంట్_పిన్ని
నాది ఇంకో వైపు కథ. తప్పు మా వైపు నుంచీ ఉంది కాబట్టి చెప్పాలి.

మాది చిత్తూరు జిల్లా. 1984లో అమెరికా వచ్చాం. మాకు ముందు వచ్చినవాళ్లు 1976లోనే పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి కట్టారు. మేము మొదటిసారి పోయినప్పుడు మంచులో చెప్పులు విప్పి గర్భగుడి ముందు నిలబడితే నాకు అమ్మ గుర్తొచ్చింది. ఆ గుడి లేకపోతే ఆ మొదటి ఐదేళ్లు గడిచేవి కావు.

కష్టం పిల్లలతో మొదలైంది. మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు స్కూల్లో అడిగారట, మీ మతం ఏం నమ్ముతుందని. ఇంటికొచ్చి నన్నడిగింది. నాకు నోట మాట రాలేదు. మా ఊళ్లో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. పొద్దున ముగ్గు, శనివారం ఒంటిపూట, జాతరకు గంగమ్మకు పొంగలి, కోడి. నమ్మకం అని విడిగా ఒక వస్తువు ఉండేది కాదు. ఇక్కడ దాన్ని ఒక పేజీలో రాసివ్వాలి. ఆ పేజీలో గంగమ్మకు చోటు దొరకలేదు, కోడికి అసలే దొరకలేదు. ఆదివారం క్లాసుల్లో పిల్లలకు చెప్పేటప్పుడు శుభ్రంగా, ఒక పుస్తకం, నాలుగు సూత్రాలు అన్నట్టు చెప్పాం. పక్క చర్చివాళ్లు ఎట్లా చెబుతారో అట్లా. పదేళ్లకు అదే అసలు మతం అని మేమూ నమ్మాం.

తర్వాత ఆ పేజీని ఊరికి పంపాం. మా వారూ ఇంకో నలుగురూ డబ్బు వేసి, వేపచెట్టు కింద ఉన్న గంగమ్మకు గ్రానైట్ గుడి కట్టించారు. కుంభాభిషేకం ఫోటోలు చూసి ఎంత సంబరపడ్డానో. రెండేళ్లకు పోతే గేటు పక్క బోర్డు: జంతుబలి నిషేధం. తరతరాలుగా పూజ చేసిన కుమ్మరి ఇంటాయన బయట కొబ్బరికాయలు అమ్ముతున్నాడు. ఆసాదివాళ్లు పాడే అమ్మవారి పాట లేదు, మైకులో సీడీ. ఆయన నన్ను గుర్తుపట్టి "బాగుండావా తల్లీ" అన్నాడు. ఆ కొబ్బరికాయ నేను డబ్బులిచ్చి కొన్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

పొలంగట్టు
పిన్ని గారూ, మీరు అంత బాధపడాల్సిన పని లేదు. బలి ఆపడం మంచిదే అనేవాళ్లు ఊళ్లోనూ ఉన్నారు. అన్నీ విదేశాల మీదికి తోయడం నాకు నచ్చదు.

ఫ్రీమాంట్_పిన్ని
బలి సంగతి ఊరు కూర్చుని తేల్చుకుని ఉంటే నాకు బాధ లేదు బాబూ. డబ్బు పంపినవాళ్లం తేల్చాం. అది నా బాధ.

లైబ్రరీ_పురుగు
ఈ చర్చలో ఒక విషయం కలపాలి. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న మత ఛాందసానికి ఇంగ్లిష్‌లో వాడే ఫండమెంటలిజం అన్న మాట ఇస్లాం నుంచీ రాలేదు, హిందూ మతం నుంచీ రాలేదు. అమెరికా ప్రొటెస్టెంట్ల మాట. 1910 నుంచి 1915 వరకు "ది ఫండమెంటల్స్" పేరుతో 12 సంపుటాలు అచ్చేశారు. బైబిల్ తప్పులేనిది, దాన్ని ప్రశ్నించే కొత్త పండితులు తప్పు అని వాటి సారాంశం. దాదాపు 30 లక్షల ప్రతులు ఊరికే పంచారు. పాస్టర్లకు, మిషనరీలకు, ఇంగ్లిష్ మాట్లాడే దేశాలన్నిటికీ తపాలాలో పంపారు. ఖర్చు పెట్టింది లైమన్ స్టీవర్ట్ అనే కాలిఫోర్నియా నూనె వ్యాపారి. 1920లో బాప్టిస్టు సంపాదకుడు కర్టిస్ లీ లాస్ ఈ పక్షంవాళ్లను "ఫండమెంటలిస్టులు" అన్నాడు, పేరు నిలిచిపోయింది.

గమనించండి: పెట్రోలు డబ్బు, చవక అచ్చు, అంతర్జాతీయ తపాలా. 1973-74లో చమురు ధర నాలుగింతలైనాక గల్ఫ్‌లో జరిగింది కూడా ఇదే దారి. సౌదీ డబ్బుతో మసీదులు, మదర్సాలు, ఉచిత పుస్తకాలు ప్రపంచమంతా వెళ్లాయి. అదే డబ్బు మన నిజామాబాద్, కడప, కోనసీమ కూలీలను రప్పించుకుంది. ఒకే ఓడలో జీతమూ వచ్చింది, పుస్తకమూ వచ్చింది.

పిన్ని గారు చెప్పిన "ఒక పేజీ" నాకు చాలా నచ్చింది. అక్షరం రవాణా అవుతుంది, గుండం అవ్వదు. విమానంలో సూత్రం పడుతుంది. వేపచెట్టు, చావిడి, కట్టెల బండి పట్టవు. దూరం పోయిన మతం అందుకే తేలికైపోతుంది, పదునెక్కుతుంది.

ఒంగోలు_గిత్త
మా ఇంట్లో మూడో రకం. మా ముత్తాతల కాలంలో, 1878 జూలై 3న, మా జిల్లాలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలం, కరువు కాలం. కాబట్టి "క్రైస్తవం నిన్న విదేశాల నుంచి వచ్చింది" అని నాతో ఎవరూ అనకండి. మా నానమ్మ పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాగం తీసి పాడేది. మల్లెపూలు పెట్టుకునేది. అట్లతద్దికి పక్కింటివాళ్లు అట్లు పంపేవాళ్లు, క్రిస్మస్‌కు మేం అరిసెలు పంపేవాళ్లం.

ఇప్పుడు అమ్మ కొత్త సంఘానికి పోతోంది. పాస్టరు గారు విదేశీ ప్రసంగాలు చూసి ప్రసంగం చేస్తారు. బంగారం లోకసంబంధం అన్నారని గాజులు, చెవిదుద్దులు, నాన్న కట్టిన తాళి కూడా తీసి బీరువాలో పెట్టింది. పూలు లేవు. పక్కింటి అట్లు పోయిన ఏడు తిప్పి పంపింది. పక్కింటి పిన్నమ్మ ఆ గిన్నె పట్టుకుని గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోయింది. సీమపిల్ల గారి ఖాసీం మామ దట్టీలు మడుస్తున్న మాట చదవగానే నాకు ఆ గిన్నె గుర్తొచ్చింది.

నెల్లూరు_చేపలపులుసు
గిత్తా, నీ పోస్టుకు కళ్లు తడిశాయి. ఆ అట్లు మా ఇంటికి పంపించమను, మేం తింటాం.

కృష్ణలంక_నర్సు
గిత్త తమ్ముడూ, మీ అమ్మగారి బాధ వేరే, నాకు తెలియదు. మా ఇంటి సంగతి వినండి. మా నాన్న తాగి అమ్మను కొట్టేవాడు. పెద్ద చర్చి ఉండేది, మేం వెనక బెంచీల్లో కూర్చునేవాళ్లం. ఎవరూ మా ఇంటికి రాలేదు. పెంతెకోస్తు సంఘం వాళ్లు వచ్చారు. వరసగా నలభై రోజులు సాయంత్రం వచ్చి మా నాన్న పక్కన కూర్చున్నారు. ఆయన తాగుడు మానాడు. నేను నర్సింగ్ చదివానంటే ఆ నలభై రోజుల వల్ల. మా అమ్మ కూడా నగలు తీసేసింది. తీయడానికి ఉన్నది ఒక్క జత కమ్మలు, అది వేరే మాట. నియమాలు గట్టిగా ఉంటేనే కొందరు బతుకుతారు. దాన్నంతా ఛాందసం అని ఒక్క మాటతో కొట్టిపారేయకండి.

లైబ్రరీ_పురుగు
నర్సు గారితో ఏకీభవిస్తున్నా. పెంతెకోస్తు ఉద్యమం లాస్ ఏంజెలిస్‌లో అజుసా వీధిలో 1906లో ఊపందుకుంది. నడిపింది విలియం సేమూర్, ఒకప్పటి బానిసల కొడుకైన నల్లజాతి బోధకుడు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే గదిలో మోకరించడం ఆ రోజుల్లో వింత. దానికి ఏడాది ముందే, 1905లో, మన దేశంలోనే, మహారాష్ట్రలో పండిత రమాబాయి నడిపిన ముక్తి ఆశ్రమంలో అలాంటి ఉజ్జీవం, అంటే భక్తి ఉప్పెన వచ్చింది. అన్నీ అక్కడి నుంచి ఇక్కడికే రాలేదు.

ఫాతిమా_టీచరమ్మ
నేనూ ఒక మాట. మా వైపు ముస్లిం పెళ్లిళ్లలో కట్నం బలంగా ఉంది. ఆడపిల్లకు ఆస్తి ఇచ్చే అలవాటు లేదు. మా అన్నయ్యలు "మన ఆచారం" అన్నారు. నేను గ్రంథం తెరిచి చూపించాను: పెళ్లికూతురికి మహర్ (పెళ్లి కానుక) ఇవ్వాల్సింది వరుడు, కూతురికి కొడుకు వాటాలో సగం ఖాయంగా ఉంది. వాళ్ల దగ్గర జవాబు లేదు. నా వాటా వచ్చింది. కాబట్టి "ఊరి ఆచారం మంచిది, పుస్తకం చెడ్డది" అని పాట పాడితే నేను ఒప్పుకోను. ఆచారం ఆడవాళ్లను చాలాసార్లు తొక్కింది.

నా లెక్క ఇది. తను చదివి తను మానుకోవడం వేరు. ఎదుటివాడిని మాన్పించడం, మాననివాడిని వెలివేయడం వేరు. సీమపిల్ల, మీ ఖాసీం మామ కొడుకు గుండం దగ్గరికి రాకపోతే నాకు అభ్యంతరం లేదు. నాయనను ఆపడం దగ్గర నాకు అభ్యంతరం. మీ తమ్ముడు మొక్కకపోతే అభ్యంతరం లేదు. బండి ఆపడం దగ్గర ఉంది.

రాయచోటి_డ్రైవర్
టీచరమ్మా, నేను తొమ్మిదేళ్లలో చెప్పలేకపోయింది మీరు చెప్పారు.

పొలంగట్టు
చెప్పడం సులువు టీచర్ గారూ. ఊళ్లో పదిమంది మానేస్తే పదకొండోవాడు తనంతట తనే మానేస్తాడు, ఎవరూ మాన్పించనక్కర్లేదు. నా పాయింట్ వేరే. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత ఊళ్లో వ్యవసాయం కూలింది, చేతిపనులు పోయాయి, కుర్రాళ్లకు ఉద్యోగ భద్రత లేదు. దేని మీదా పట్టు లేనివాడు మతం మీద పట్టు బిగిస్తాడు. పైగా ఎన్నికలకు ముందు ఎవరు ఈ మంటకు గాలి ఊదుతారో అందరికీ తెలుసు.

మోడరేటర్
పార్టీల పేర్లు వద్దు, దారి తప్పుతుంది. మిగతాది కొనసాగించండి.

గోదారిగట్టు
పొలంగట్టు గారూ, నాకు వచ్చే విషం మెసేజ్‌లు పంపేది ఉద్యోగం లేనివాళ్లు కాదు. గేటెడ్ కమ్యూనిటీలో మూడు బెడ్‌రూముల ఫ్లాటున్న మా బావ.

జగిత్యాల_టు_జెబెల్‌అలీ
అన్నా, నేను కూడా పంపినోన్నే, ఒప్పుకుంటున్న. దుబాయ్‌ల క్యాంపుల పదకొండేండ్లు. ఊళ్లె ఉన్నప్పుడు గుడికి పోయింది తక్కువ. ఈడికొచ్చినంక దీక్ష తీసుకున్న, మాల వేసుకున్న. ఊరు యాదికొస్తే దేవుడే దిక్కు. అట్లనే ఒక గ్రూపుల చేరిన. రాత్రి పన్నెండు గంటలకు పడుకుని వీడియోలు చూసుడు, పది గ్రూపులకు పంపుడు. 2019ల వాట్సాప్ ఒక్కసారికి ఐదు చాట్లకే పంపాలని ఆపు పెట్టింది గదా, నాకు కోపమొచ్చింది అప్పుడు.

ఒకనాడు మా నాయనకు గుండెపోటు. టికెట్‌కు పైసలు లేవు. కింది మంచం పెషావర్ ఖాన్ సాబ్ ఏం మాట్లాడకుంట పెట్టె తెరిచి పన్నెండు వందల దిర్హమ్‌లు చేతిల పెట్టిండు. విమానంల కూసుని ఫోన్ తెరిస్తే పొద్దున నేను పంపిన వీడియో కండ్లముందు. ఎవరి గురించి పంపిన్నో వాళ్ల పైసలతోనే నాయనను చూడబోతున్న. నాయన దక్కిండు. గ్రూపుల నుంచి బయటకొచ్చిన.

ఇంకోటి చెప్పాలె. ఈడ జెబెల్ అలీల 2022ల కొత్త హిందూ గుడి తెరిచిన్రు. పక్కకే చర్చిలు, గురుద్వారా. 2024ల అబుదాబిల పెద్ద మందిరం. అరబ్బుల దేశమే మారుతున్నది, మనోళ్లు మాత్రం మారుతలేరు.

లైబ్రరీ_పురుగు
సౌదీలో కూడా అంతే. 2016లో మత పోలీసుల అరెస్టు అధికారం తీసేశారు, 2018లో సినిమా హాళ్లు తెరిచారు, ఆడవాళ్లకు డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చారు. అయినా 90ల్లో తిరిగొచ్చినవాళ్ల తలలో అప్పటి సౌదీయే ఉంది. అమెరికా వెళ్లినవాళ్ల తలలో వాళ్లు వదిలిన నాటి ఊరే ఉన్నట్టు.

ఫ్రీమాంట్_పిన్ని
నిజం. మా పిల్లలకు నేర్పిన పద్ధతులు ఊళ్లో మా అన్న పిల్లలకే తెలియవు.

బాలాపూర్_మాస్టారు
హైదరాబాద్ బాలాపూర్ దగ్గర రోహింగ్యా పిల్లలకు, అంటే మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ముస్లింల పిల్లలకు, సాయంత్రం లెక్కలు చెబుతాను. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. బౌద్ధం పేరుతో అంత ద్వేషం పుడుతుందని ఎవరనుకుంటారు? ఆ దేశంలో చాలామందికి ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే. తమ వేదిక హింసకు వాడకుండా ఆపడానికి తగినంత చేయలేదని ఆ కంపెనీయే 2018లో ఒప్పుకుంది. కాబట్టి ఏ మతం అనే ప్రశ్న కాదిది. నా క్లాసులో ఒక పిల్లాడు గుణకారం తప్పు చేస్తే తల మీద చేతులు అడ్డం పెట్టుకుంటాడు. నేను ఇంతవరకు ఎవరినీ కొట్టలేదు.

నెల్లూరు_చేపలపులుసు
కొంచెం ఊపిరి పీల్చుకోండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి మా నెల్లూరు రండి. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, పిల్లల రొట్టె. ఎవరు ఏ మతమో అడిగేవాళ్లు లేరు. జనం లక్షల్లో వస్తారు, తగ్గలేదు. కడపలో ఉగాది పొద్దున దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వచ్చి, వెంకన్న భార్యగా చెప్పుకునే ముస్లిం అమ్మాయి బీబీ నాంచారమ్మ తరఫు వాళ్లమని కొబ్బరికాయ కొట్టడం కూడా ఆగలేదు. అన్నీ పోయాయని అనుకోకండి.

ఒంగోలు_గిత్త
నిన్న అమ్మను తీసుకుని పక్కింటికి వెళ్లాను. ఎవరూ మతం మాట ఎత్తలేదు. అమ్మ గోరుచిక్కుడు ఒలిచింది, పిన్నమ్మ పప్పు వేయించింది. అట్ల సంగతి వచ్చే అట్లతద్దికి చూడాలి.

సీమపిల్ల
అందరివీ రెండేసిసార్లు చదివాను. నిన్న ఖాసీం మామ కొడుక్కు ఫోన్ చేశాను. డ్రైవర్ అన్న రాసింది చదివి వినిపించాను, ముఖ్యంగా బాంబు సంగతి. తను ఆ రోజు అదే ఊళ్లో ఉన్నాడట. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అక్కా, నేను పీరు ఎత్తను, గుండం తొక్కను. అది నా వల్ల కాదు. నాయనను మాత్రం ఇంక ఆపను. పదోరోజు శరబత్తు నా ఖర్చు."

మా తమ్ముడికి కూడా ఈ లింకు పంపాను. చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. తాత పేరు ఎట్లా వచ్చిందో వాడికి ఎవరూ చెప్పలేదేమోనని ఇప్పుడు అనుమానం వస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్తాను.

చావిడి రేకులు రెండు వైపులా తుప్పు పట్టి కారుతున్నాయి. వాన నీళ్లు పీర్ల పెట్టె మీదే పడుతున్నాయి. పద్దెనిమిది రేకులు కావాలన్నారు.

జగిత్యాల_టు_జెబెల్‌అలీ
నాలుగు రేకులు నాయి, అక్కా. ఖాన్ సాబ్‌కు చెప్పిన, ఆయనవి రెండు.

ఫ్రీమాంట్_పిన్ని
మిగతావి నేనిస్తాను సీమపిల్లా. పేరు ఎక్కడా రాయించొద్దు. రేకులే వేయించండి, గ్రానైట్ వద్దు.